దొంగ చీటీ



ఈసారి పిల్లలు ఆడుకునే ఒక ఆట గురించి రాస్తున్నాను. చిన్న విషయమని పక్కన పెట్టకండి. చివరిదాకా చదవండి.

నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపుతారు. నాలుగు ముక్కలు చేస్తారు. ఒకదాని మీద రాజు, ఒకదాని మీద రాణి, ఒకదాని మీద పోలీసు, ఒకదాని మీద దొంగ అని రాస్తారు. నాలుగూ ఒకేలా మడిచి, దోసిట్లో కదిపి కింద వేస్తారు. తలా ఒకటి తీసుకుంటారు. రాజు వచ్చినవాడు చీటీ చూపించి "నా పోలీసెవడు?" అని అడుగుతాడు. పోలీసు బయటపడతాడు. ఇక మిగిలింది ఇద్దరు. అందులో ఒకరు రాణి, ఒకరు దొంగ. ఆ ఇద్దరి ముఖాలూ చూసి దొంగెవరో పోలీసు చెప్పాలి. మన ఇళ్లల్లో ఇదే ఆటను రాముడు, సీత అని కూడా ఆడతారు. అక్కడ రాముడు సీతను కనిపెట్టాలి. ఊరికో పేరు, ఊరికో లెక్క, ఆట మాత్రం ఒకటే.

మా రేగొండ పిల్లలు పెట్టుకునే లెక్క ఇది: రాజుకు 1000, రాణికి 800, పోలీసుకు 500, దొంగకు సున్నా. పోలీసు సరిగ్గా పట్టుకుంటే ఎవరి మార్కులు వాళ్లకే. తప్పు చెప్పాడా, అతని 500 దొంగకు పోతుంది, దొంగ సున్నా అతనికి వస్తుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

లోకంలో ఈ ఆటకు పెద్దన్నలు, చిన్నన్నలు చాలామంది ఉన్నారు. 1986లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రం చదువుతున్న దిమిత్రి దవీదోవ్ అనే విద్యార్థి "మాఫియా" అనే ఆట తయారుచేశాడు. గుంపులో కొద్దిమంది హంతకులు, మిగిలినవాళ్లు అమాయకులు. హంతకులకు ఒకరినొకరు తెలుసు, అమాయకులకు ఎవరూ తెలియదు. రాత్రి అంటే అందరూ కళ్లు మూసుకోవాలి, పగలు అంటే అందరూ మాట్లాడుకుని ఒకరి మీద ఓటు వేసి బయటికి పంపాలి. 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ అనే అమెరికా ఆయన అదే ఆటను ఊళ్లో మనిషి రూపంలో తిరిగే తోడేళ్ల కథగా మార్చాడు. 2018లో ఇన్నర్‌స్లాత్ అనే చిన్న కంపెనీ దాన్ని "అమాంగ్ అస్" పేరుతో ఫోన్లలోకి తెచ్చింది. రెండేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020 లాక్‌డౌన్లో, పిల్లల చేతుల్లోకి ఆన్‌లైన్ క్లాసుల కోసం ఫోన్లు వచ్చినప్పుడు, ప్రపంచమంతా ఆడింది. మా సంఘంలో యవ్వనస్థులు కూడా ఆడారు.

"అయ్యగారూ, ఇందులో అబద్ధం ఆడాలి గదా, ఇది పాపం కాదా?" అని కొందరు తల్లులు నన్ను అడుగుతుంటారు. ఆడుకునే నలుగురికీ ముందే తెలిసిన దాపరికం మోసం కాదమ్మా. క్రిస్మస్ నాటికలో హేరోదు వేషం వేసిన పిల్లవాడు హేరోదు కాడు. ఈ ఆటలో నన్ను ఆలోచింపజేసేది దొంగ చీటీ పట్టుకున్నవాడి అబద్ధం కాదు. పోలీసు చీటీ పట్టుకున్నవాడి నమ్మకం.

ఆలోచించండి. మిగిలింది ఇద్దరే. కళ్లు మూసుకుని వేలు చూపించినా రెండింట్లో ఒకసారి తగులుతుంది. కానీ తగిలిన ప్రతిసారీ పిల్లవాడు ఏమంటాడు? "వాని మొకం జూస్తెనే తెలిసింది" అంటాడు. తగలని సంగతి మరిచిపోతాడు. పది ఆటలు అయ్యేసరికి ముఖం చూసి మనసు చదవడం తనకు వచ్చని నమ్ముతాడు. ఆ నమ్మకంతోనే పెద్దవాడవుతాడు. తరువాత ఊళ్లో పెద్దమనిషి అవుతాడు.

ముఖం చూసి మనిషిని చెప్పడం అంత సులువైతే లేఖనాల్లో ఇన్ని పొరపాట్లు ఎందుకు రాయబడ్డాయి? సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలో హన్నా దేవుని మందిరంలో కన్నీళ్లతో ప్రార్థిస్తోంది. పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడడం లేదు. యాజకుడైన ఏలీ ఆమెను చూసి తాగి వచ్చిందనుకున్నాడు. ఎంతోమంది ఆరాధికులను చూసిన వృద్ధుడాయన. ఒక తల్లి దుఃఖాన్ని మత్తు అని చదివాడు. ఇంకొకవైపు యెహోషువ తొమ్మిదో అధ్యాయంలో గిబియోనీయులు బూజుపట్టిన రొట్టెలు, చినిగిపోయిన ద్రాక్షారసపు తిత్తులు, అతుకులేసిన చెప్పులు వేసుకుని దూరదేశం నుంచి వచ్చామన్నారు. పక్క ఊరివాళ్లే! ఇశ్రాయేలు పెద్దలు ఆ రొట్టెలు చూశారు, నమ్మారు, ప్రమాణం చేశారు. నిజమైన కన్నీళ్లు అబద్ధంలా కనిపించాయి, అబద్ధపు చెప్పులు నిజంలా కనిపించాయి.

మన మండలంలోనే పాండవుల గుట్ట ఉంది. ఆదిమానవులు రాతి మీద వేసిన బొమ్మలు చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పాండవులు వనవాసంలో ఇక్కడ తలదాచుకున్నారని మన పెద్దలు చెప్పుకుంటారు. ఆ కథలో కూడా అజ్ఞాతవాసం ఏడాదంతా వంటశాలలో భీముడు, నాట్యశాలలో అర్జునుడు విరాటరాజు కళ్లముందే తిరిగారు. రోజూ చూసే రాజు గుర్తుపట్టలేదు. ఏ గ్రంథం తీసినా, ఏ కథ విన్నా మనిషి చూపుకు హద్దు ఉందనే చెబుతాయి.

ఇక మా దగ్గర జరిగిన సంగతి.

వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట మందిరం వరండాలో నీడ ఉంటుంది కాబట్టి చుట్టుపక్కల పిల్లలు అక్కడికి వచ్చి ఆడుకుంటారు. ఏ ఇంటి పిల్లలైనా వస్తారు, నేను ఏమీ అనను. ఒకరోజు చీట్ల ఆట ఆడుతున్నారు. పదకొండేళ్ల పిల్లవాడొకడు ప్రతి ఆటలో నవ్వుతూనే ఉన్నాడు. దొంగ చీటీ వచ్చినా నవ్వే. "నీకు భయం లేదారా?" అని అడిగాను.

"నాకు దొంగ వస్తె భయమేం లేదు అయ్యగారూ. అందరు దాన్నే సూపెడ్తరు" అన్నాడు, ఎదురుగా కూర్చున్న చిన్నపిల్లను చూపిస్తూ.

మార్కులు రాసిన కాగితం తీసుకుని చూశాను. నిజమే. ఆ పిల్లకు రాణి వచ్చినప్పుడల్లా పోలీసు ఆమెనే దొంగ అన్నాడు. పోలీసు చీటీ ఎవరి చేతికి వచ్చినా అంతే. పోలీసుకు సున్నా పడుతూనే ఉంది, అసలు దొంగకు 500 వస్తూనే ఉంది. అందరికంటే ఎక్కువ మార్కులు ఆ నవ్వే పిల్లవాడివి.

"ఎందుకురా ఆమెనే అంటున్నరు?" అని అడిగితే ఒక్కడూ ముఖం సంగతి చెప్పలేదు. "ఊకెనే" అన్నారు. ఆ చిన్నది మాత్రం తల ఎత్తకుండా చీట్లు మళ్లీ మడుస్తోంది.

ఊకెనే కాదు. నాకు తెలుసు, ఆ పిల్లలకూ తెలుసు. దానికి మూడు వారాల ముందు మా వాడలో పొదుపు సంఘం డబ్బులు ఆరువేలు పోయాయి. మరునాడు బ్యాంకులో కిస్తీ కట్టాలని సంఘం లీడర్ ఇంట్లో ట్రంకు పెట్టెలో పెట్టారు. తెల్లారేసరికి లేవు. ఆ రోజు ఆ ఇంటికి నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చి వెళ్లారు. కానీ అందరి నోళ్లూ ఒక్క ఇంటి వైపే తిరిగాయి. ఎరుకల కుటుంబం వాళ్లది. ఈత గంపలు అల్లుతారు, చీపుర్లు కడతారు, పత్తి ఏరడానికి, మిర్చి ఏరడానికి కూలికి పోతారు. ఆ ఇంటి తల్లి కూడా అదే సంఘంలో సభ్యురాలు, ఆమె పొదుపు కూడా ఆ పెట్టెలోనే ఉంది. అయినా సరే, "వాళ్ల కులమే గంత" అన్నారు. ఆ మాట గుమ్మం దాటి పిల్లల ఆటలోకి వచ్చింది. ఆ చిన్నది ఆ ఇంటి బిడ్డ.

ప్రియులారా, ఆ మాట మన వాడలో పుట్టింది కాదు. దానికి వయసు ఉంది, తారీఖు ఉంది. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. కొన్ని కులాలు పుట్టుకతోనే నేరస్థులని ఆ చట్టం రాసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. ఎరుకలవారు ఆ పట్టీలో పడ్డారు. పేర్లు రిజిస్టరులో ఎక్కించారు, హాజరు వేయించుకోమన్నారు, అనుమతి లేనిదే ఊరు దాటవద్దన్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా కట్టిన సెటిల్మెంటే. దాన్ని నడిపించింది ఎవరో తెలుసా? మన క్రైస్తవ సంస్థే, సాల్వేషన్ ఆర్మీ. వాళ్లు బడి పెట్టారు, పని నేర్పారు, సువార్త చెప్పారు. అది కాదనను. కానీ సువార్త చెప్పిన చేత్తోనే హాజరు పట్టీ కూడా పట్టుకున్నారు. ఈ సంగతి మనం సిగ్గుపడి దాచుకోకూడదు.

స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. ఆ కులాలను విముక్త జాతులు అన్నారు. చట్టం పోయింది గానీ పేరు పోలేదు. స్టువర్టుపురం అంటే దొంగల ఊరు అన్నట్టుగా సినిమాలు వచ్చాయి, 1991లో ఒకటి కాదు రెండు వచ్చాయి. ఆ ఊరి మనుషుల దగ్గరికి వెళ్లి, వాళ్లతో కూర్చుని, వాళ్లు మారగలరని నమ్మి పనిచేసినవారిలో హేమలతా లవణం గారు, లవణం గారు ముఖ్యులు. ఆమె మహాకవి జాషువా గారి కుమార్తె. ఆయన నాస్తికుడైన గోరా గారి కుమారుడు. దేవుణ్ని నమ్మని ఇంటివాళ్లు మనిషిని నమ్మారు. దేవుణ్ని నమ్మిన మనం మనిషిని ఎంతవరకు నమ్ముతున్నామో ఆలోచించుకోవాలి.

చీట్ల ఆటలో ఒక గొప్ప న్యాయం ఉంది. ఒక ఆట అయిపోగానే నాలుగు చీట్లూ వెనక్కి తీసుకుంటారు, మళ్లీ కలుపుతారు. ఇప్పుడు దొంగ అయినవాడు వచ్చే ఆటలో రాజు కావచ్చు. ఎవరి చేతిలోనూ ఏ చీటీ నిలవదు. కానీ మన ఊళ్లల్లో కొందరికి పుట్టగానే ఒక చీటీ ఇచ్చి, దాన్ని మళ్లీ వెనక్కి తీసుకోకుండా ఆడుతున్నాం. తాత చేతిలో అదే, తండ్రి చేతిలో అదే. ఇప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల చేతిలో, రాణి చీటీ ఉన్నా సరే, అందరికీ కనిపిస్తున్నది అదే.

సంఘం డబ్బుల విషయానికి వస్తాను. కొందరు అంజనం వేయిద్దాం అన్నారు. తమలపాకు మీద కాటుక రాసి, ఒక చిన్నపిల్లను కూర్చోబెట్టి, అందులో ఎవరు కనబడుతున్నారో చెప్పమంటారు. ఆ పసిబిడ్డకు ఏం కనబడుతుంది? ఇంట్లో అమ్మానాన్న రాత్రి ఎవరి పేరు చెప్పుకున్నారో ఆ ముఖమే కనబడుతుంది. అది కాటుక చెప్పే మాట కాదు, మన నోటి మాటే తిరిగి మనకు వినబడుతుంది.

నన్ను కూడా మీటింగుకు పిలిచారు. సంఘంలో అన్ని మతాల ఆడవాళ్లూ ఉన్నారు, నేను ప్రసంగం చేయలేదు. ఒక్కటే అడిగాను: "తీస్తుంటే చూసినోళ్లు ఎవరన్న ఉన్నరా అమ్మా?" ఎవరూ మాట్లాడలేదు. "తీసిందని చెప్తే విన్నం" అన్నారు. ఎవరు చెప్పారంటే ఇంకొకరి పేరు, వాళ్లనడిగితే మరొకరి పేరు. వాడంతా తిరిగి ఆ మాట మొదలైన ఇంటికే రాలేదు.

అప్పుడు ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయంలో మోషే పెట్టిన కట్టడ వాళ్లకు కథలా చెప్పాను. ఒక్కరి మాట మీద ఎవరి నేరమూ రుజువు కాదు, ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలి. న్యాయాధిపతులు బాగా విచారించాలి. సాక్షి అబద్ధం చెప్పాడని తేలితే, ఎదుటివాడికి ఏ శిక్ష పడాలని అతను కోరాడో అదే శిక్ష అతనికి వేయాలి. పిల్లల ఆటలో పోలీసుకు పడే సున్నా ఇదే కదా! మూడు వేల ఏళ్ల కిందటి ధర్మశాస్త్రంలో ఉన్న న్యాయాన్ని మన పిల్లలు నోటుపుస్తకం ముక్కల మీద పాటిస్తున్నారు. పెద్దవాళ్లం మనమే మరిచిపోయాం. మనం ఒకరి మీద వేలు చూపించి, తప్పని తేలినా, మన మార్కులు మనకే ఉంటాయి. సున్నా ఆ మనిషి మోసుకు తిరుగుతుంది.

అందరికంటే పెద్దావిడ ఒకామె అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె అన్నది: "సూడంది సూసినట్టు జెప్పద్దు బిడ్డా. గీ బిడ్డె తీస్తె దేవుడే జూస్తడు. తియ్యకుంటె మనల గూడ జూస్తడు." అంతే, మీటింగు మాట మారింది. స్టేషన్‌లో కాగితం రాసి ఇద్దామని, కిస్తీ మాత్రం ఆగకూడదని తీర్మానించారు. సభ్యులు పదిమంది. తలా ఆరువందలు వేసుకున్నారు. ఆ తల్లి కూడా తన ఆరువందలు తెచ్చి అందరి ముందే పెట్టింది. లెక్క పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా కూడా అందరిలాగే ఆరువందలు అని రాశారు.

డబ్బు ఈరోజుకీ దొరకలేదు. ఎవరు తీశారో నాకు తెలియదు. కానీ ఒకటి చెప్పగలను. ఆ మూడు వారాలు వాడంతా ఒక్క ఇంటి మీద కన్ను వేసి కూర్చుంటే, అసలు తీసినవాడెవడో హాయిగా నిద్రపోయాడు. ఆ పదకొండేళ్ల పిల్లవాడు నవ్వినట్టు నవ్వుకున్నాడు. నిర్దోషి మీద వేలు చూపిస్తే ఆమెకు ఒక్కదానికే నష్టం అనుకుంటాం. కాదు. లాభం అసలు దొంగకు పోతుంది.

ఇప్పుడు నాతో కూడా మేడగదిలోకి రండి. యేసు ప్రభువు తన శిష్యులతో చివరి భోజనానికి కూర్చున్నాడు. పన్నెండుమంది. అందులో ఒకడి చేతిలో నిజంగానే దొంగ చీటీ ఉంది. ఇది నా మాట కాదు, యోహాను సువార్త 12వ అధ్యాయం 6వ వచనంలో ఇస్కరియోతు యూదా దొంగ అనే చెప్పబడింది. డబ్బు సంచి అతని దగ్గర ఉండేది, అందులోంచి తీసుకునేవాడు. ప్రభువుకు ఆ సంగతి తెలుసు. తనను అప్పగించబోయేది ఎవరో కూడా తెలుసు. అయినా ఆ రాత్రి పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగినప్పుడు, ఆ పాదాలు కూడా కడిగాడు.

మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని ప్రభువు చెప్పినప్పుడు, మత్తయి సువార్త 26వ అధ్యాయం చూడండి, శిష్యులు ఏం చేశారు? ఒక్కొక్కడూ దుఃఖపడి తన గురించి తానే అడిగాడు. పక్కవాడి మీద వేలు ఎత్తినవాడు లేడు. మన మీటింగుల్లో ఎన్నడైనా ఇలా జరిగిందా? ఏదో పోయిందనగానే "నా వల్ల ఏమైనా జరిగిందా, తాళం నేను మరిచానా?" అని అడిగినవాళ్లను ఎంతమందిని చూశారు?

ఇంకొక సంగతి. యూదా లేచి చీకట్లోకి వెళ్లిపోయినప్పుడు కూడా మిగిలినవాళ్లకు అర్థం కాలేదు. పండుగకు కావలసినవి కొనడానికో, బీదలకు ఏమైనా ఇవ్వడానికో పోతున్నాడనుకున్నారు. కలిసి నడిచినవాళ్లు, కలిసి తిన్నవాళ్లు, ఒకే పడవలో తుఫాను చూసినవాళ్లు! వాళ్లకే పక్కవాడి ముఖం అర్థం కాలేదు. మనం ఒకామె గుమ్మంలో నిలబడిన తీరు చూసి తీర్పు చెబుతున్నాం.

అయితే తప్పును కప్పిపుచ్చమని నేను చెప్పడం లేదు. చూసినవాళ్లుంటే, ఆధారం ఉంటే, పెద్దల దగ్గరికి, స్టేషన్‌కు వెళ్లాలి. సంఘంలో ఎవరైనా బలహీనులకు అన్యాయం చేస్తే దాన్ని దాచిపెట్టడం ప్రేమ కాదు, ఆ అన్యాయంలో పాలు పంచుకోవడమే. నేను చెప్పేది ఆధారం లేనప్పటి సంగతి. కులం చూసి, బట్ట చూసి, గుడిసె చూసి మనం చదివే ముఖాల సంగతి.

ఈ వారం ఎవరి గురించైనా "వాళ్లే చేసుంటారు" అనే మాట మీ నాలుక మీదికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను నా కళ్లతో చూశానా? ఇది నాకు ఎవరు చెప్పారు, వాళ్లు చూశారా? ఇది తప్పని తేలితే ఆ సున్నా నేను మోయడానికి సిద్ధమేనా? మూడింటిలో ఒక్కదానికి "లేదు" అని వచ్చినా నోరు మూసుకోండి. మీ పిల్లలు వింటున్నారు. మీరు రాత్రి భోజనం దగ్గర చెప్పే పేరు రేపు వాళ్ల ఆటలో ఏదో ఒక బిడ్డ మీద పడుతుంది.

ప్రార్థన చేసుకుందాం.

హృదయాలను పరిశోధించే తండ్రీ, మా చూపు ఎంత చిన్నదో మాకు నేర్పించు. చూడనిదాన్ని చూశామని చెప్పకుండా మా నోటికి కావలి ఉంచు. పుట్టుకతో మోయించిన పేర్ల కింద నలిగిపోతున్న మా సహోదరులను, వాళ్ల బిడ్డలను తలెత్తుకునేలా చేయి. దోషి పాదాలను కూడా కడిగిన నీ కుమారుని మనసు మాకు దయచేయి. యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.